అధిక రక్తపోటు ఎలుకలతో పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

తార్నాక, హబ్సిగూడల నుంచి శామీర్‌పేట అవతలి జీనోమ్ వ్యాలీ దాకా హైదరాబాద్‌లో జీవశాస్త్ర ప్రయోగశాలలకు కొదవ లేదు. బీపీ మందుల మీద పనిచేసే వారికి ఏదో ఒక దశలో అధిక రక్తపోటు ఎలుకలతో పని పడుతుంది. కింది ప్రశ్నల్లో కొన్ని ప్రాజెక్టు మొదలుపెట్టబోయే ఫార్మసీ విద్యార్థులవి, కొన్ని వారి తల్లిదండ్రులవి, కొన్ని రోజూ బీపీ మాత్ర వేసుకునే పాఠకులవి. జవాబులన్నీ ఒకే నిడివిలో లేవు. ఎక్కువమంది పొరబడే చోట ఎక్కువగా రాశాము.

బీపీ పరిశోధనకు ఎలుకలే ఎందుకు?

రక్తపోటు గుండె ఒక్కదాని పని కాదు. గుండె, రక్తనాళాలు, మూత్రపిండాలు, అడ్రినల్ గ్రంథులు, మెదడు కలిసి క్షణక్షణం సర్దుకుంటూ నిలబెట్టే పీడనం అది. అందువల్ల గాజు పాత్రలో పెంచిన కణాలకు బీపీ అంటూ ఉండదు. ఎలుకలో ఈ అవయవాలూ, వాటిని నడిపించే రెనిన్-యాంజియోటెన్సిన్ వంటి హార్మోన్ వ్యవస్థలూ స్థూలంగా మనిషిలో ఉన్నట్టే ఉంటాయి. దాని ఆయుష్షు రెండు మూడేళ్లే కాబట్టి, గుండె గోడ మందం కావడం, మూత్రపిండం దెబ్బతినడం వంటి మనిషిలో దశాబ్దాలు పట్టే మార్పులను ఏడాదిన్నరలో మొదటి నుంచి చివరి దాకా గమనించవచ్చు. చిట్టెలుకలో జన్యువులను మార్చడం తేలికే కానీ, దాని ధమనిలో గొట్టం అమర్చడమూ, పదేపదే రక్తం తీయడమూ కష్టం. 300 గ్రాముల ఎలుకలో ఆ పనులు చేతికి అందుతాయి.

పోలిక ఎంత ఉన్నా తేడాలూ ఉన్నాయి. ఎలుక గుండె నిమిషానికి 300 నుంచి 400 సార్లు కొట్టుకుంటుంది. మనిషి ధమనుల్లో పేరుకున్నట్టు దాని ధమనుల్లో కొవ్వు సహజంగా పేరుకోదు. కాబట్టి బీపీతో పాటు పూడికలు ఉన్న రోగి పరిస్థితిని మామూలు ఎలుకలో వెతకడం వృథా.

ఇవి మన ఇళ్లలో, కాలవల్లో తిరిగే ఎలుకలేనా?

కావు. మన ఇళ్లలో దూరేవి ఎక్కువగా నల్ల ఎలుకలు, పందికొక్కులు. ప్రయోగశాల ఎలుక గోధుమరంగు ఎలుక జాతికి చెందినది. అనేక తరాలుగా మనుషుల చేతుల్లోనే పుట్టి పెరిగిన తెల్లటి, ఎర్రకళ్ల రకం. వీటిలో అందరికీ తెలిసిన విస్టార్ ఎలుకలకు ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్ వల్ల ఆ పేరు వచ్చింది. కింద ప్రస్తావించే జపాన్ వంశం కూడా విస్టార్ నుంచి వచ్చినదే.

ఎలుకకు పుట్టుకతోనే బీపీ ఎలా వస్తుంది?

అది ఏరి జతకట్టించిన ఫలితం. క్యోటో విశ్వవిద్యాలయంలో కోజో ఒకమోటో, క్యూజో అవోకి విస్టార్ ఎలుకల మందలో రక్తపోటు సహజంగానే ఎక్కువగా ఉన్న ఒక మగదాన్ని, కొద్దిగా ఎక్కువ ఉన్న ఒక ఆడదానితో జతకట్టించారు. పుట్టిన పిల్లల్లో పోటు ఎక్కువగా నిలిచిన వాటినే ఎంచుకుని, అన్నాచెల్లెళ్లను జతచేస్తూ తరం తర్వాత తరం ముందుకు తీసుకుపోయారు. 1963లో వారు ప్రకటించిన ఈ వంశాన్ని ‘స్పాంటేనియస్‌లీ హైపర్‌టెన్సివ్ ర్యాట్’ అంటారు. ప్రయోగశాలల్లో అందరూ ‘ఎస్‌హెచ్‌ఆర్’ అనే పిలుస్తారు.

ఎస్‌హెచ్‌ఆర్ పిల్లకు పుట్టిన వెంటనే బీపీ ఉండదు. అయిదారు వారాల వయసులో పెరగడం మొదలై, పన్నెండు వారాలు దాటేసరికి స్థిరపడుతుంది. పెద్ద మగ ఎలుకలో పై అంకె 180 నుంచి 200 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. ఆడవాటిలో కొంత తక్కువ. తొలి దశలో గుండెను, రక్తనాళాలను ఉద్రేకపరిచే సింపథెటిక్ నాడుల ఉధృతి ఎక్కువగా కనిపిస్తుంది, తర్వాత చిన్న ధమనుల గోడలు మందమవుతాయి, ఎడమ జఠరిక బరువెక్కుతుంది, ముసలితనంలో కొన్ని ఎలుకలకు గుండె వైఫల్యం వస్తుంది. ఫలానా ఒక్క జన్యువు వల్ల అని చెప్పలేని, నెమ్మదిగా ముదిరే జబ్బు కావడమే దీని విలువ. మనలో ఎక్కువమందికి వచ్చే బీపీ కూడా అలాంటిదే.

దీనికి కంట్రోల్‌గా, అంటే పోలిక కోసం, ఏ ఎలుకను పెట్టుకోవాలి? అది అంత ముఖ్యమా?

మా దృష్టిలో ప్రయోగంలో సగం బరువు ఇక్కడే ఉంది, ప్రాజెక్టు నివేదికల్లో అతి తక్కువ వాక్యాలు దక్కేదీ దీనికే. ఎస్‌హెచ్‌ఆర్‌కు వాడుకలో ఉన్న కంట్రోల్ ‘విస్టార్-క్యోటో’, అంటే డబ్ల్యూకేవై. అదే క్యోటో మంద నుంచి, మామూలు రక్తపోటు ఉన్న ఎలుకలతో పెంచిన వంశం ఇది. రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయి కాబట్టి బీపీ తప్ప మిగతాదంతా సమానమేనని చాలామంది అనుకుంటారు. అది సరికాదు.

అంతఃప్రజనన వంశంగా గుర్తించాలంటే అన్నాచెల్లెళ్ల జతకట్టింపు కనీసం 20 తరాలు సాగాలి. డబ్ల్యూకేవై ఎలుకలు ఆ దశకు చేరకముందే వేర్వేరు దేశాల పెంపకందారుల చేతికి వెళ్లిపోయాయి. అందువల్ల ఒక సరఫరాదారు దగ్గర కొన్న డబ్ల్యూకేవై, మరొకరి దగ్గర కొన్న డబ్ల్యూకేవై ఒకటి కాకపోవచ్చని 1980ల చివరికే తేలిపోయింది. ఎస్‌హెచ్‌ఆర్‌కూ ఇదే గతి. 1999లో ఒక ఎస్‌హెచ్‌ఆర్ శాఖలో సీడీ36 అనే జన్యువు లోపించిందని, కొవ్వు, ఇన్సులిన్ తేడాలకు అదే కారణమని ప్రకటించారు; అదే ఏడాది జపాన్‌లోని మూల శాఖలో ఆ లోపమే లేదని మరో బృందం చూపింది. ఆ మూల శాఖకు మాత్రం బీపీ ఉంది. పేరు ఒకటే, ఎలుకలు వేరు.

ప్రవర్తన ప్రయోగాల్లో చిక్కు ఇంకా ఎక్కువ. ఎస్‌హెచ్‌ఆర్ చురుకుదనాన్ని చూసి దాన్ని పిల్లల్లో ఏకాగ్రత నిలవని, అతిచురుకు రుగ్మత అయిన ఏడీహెచ్‌డీకి నమూనాగా కూడా వాడుతున్నారు. కానీ డబ్ల్యూకేవై స్వతహాగా మందకొడిది. దాన్ని కుంగుబాటుకు నమూనాగా వాడేవారూ ఉన్నారు. అటువంటి దాని పక్కన నిలబెడితే ఏ ఎలుకైనా చురుగ్గానే కనిపిస్తుంది. వీలైతే డబ్ల్యూకేవైతో పాటు సాధారణ విస్టార్‌ను రెండో కంట్రోల్‌గా పెట్టుకోవడం, ఎలుకలు ఏ పెంపక కేంద్రం నుంచి వచ్చాయో, ఏ ఉపవంశమో పూర్తిగా రాయడం మంచిది.

పక్షవాతం వచ్చే ఎలుకలు వేరే ఉన్నాయా?

ఉన్నాయి. ఎస్‌హెచ్‌ఆర్‌లోనే మెదడు రక్తనాళాలు చిట్లే లక్షణం ఉన్న వాటిని ఏరి పెంచిన ఉపవంశాన్ని 1974లో ఒకమోటో, యమోరి, నాగవోకా పరిచయం చేశారు. వీటి బీపీ మామూలు ఎస్‌హెచ్‌ఆర్ కంటే ఎక్కువ. తాగే నీటిలో ఒక శాతం ఉప్పు కలిపితే పక్షవాతం ఇంకా త్వరగా వస్తుంది.

ఆవకాయ తింటే బీపీ పెరుగుతుందని ఎలుకల్లో రుజువైందా?

ఆవకాయ సంగతి కాదు, ఉప్పు సంగతి రుజువైంది. అదీ అన్ని ఎలుకల్లో కాదు. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో లూయిస్ డాల్ 1960ల మొదట్లో ఎలుకలకు ఉప్పు బాగా దట్టించిన మేత పెట్టి చూశారు. కొన్నింటికి బీపీ బాగా పెరిగింది, కొన్నింటికి దాదాపు కదల్లేదు. పెరిగిన వాటిని వాటితోనే, పెరగని వాటిని వాటితోనే జతకట్టిస్తే కొద్ది తరాల్లోనే రెండు వంశాలు విడిపోయాయి: ఉప్పుకు లొంగేవి, లొంగనివి. ఇప్పటికీ వీటిని డాల్ ఎలుకలనే అంటారు. మేతలో 8 శాతం ఉప్పు పెట్టడం ఈ ప్రయోగాల్లో పరిపాటి.

డాల్ బృందం తర్వాత చేసిన మూత్రపిండ మార్పిడి ప్రయోగాలు ఇంకా ఆసక్తికరం. ఉప్పుకు లొంగే ఎలుక కిడ్నీని లొంగని దానికి అమరిస్తే దాని బీపీ పెరిగింది. అటుది ఇటు అమరిస్తే తగ్గింది. బీపీ కిడ్నీ వెంట పోతుందన్న మాట అక్కడి నుంచే స్థిరపడింది.

మన భోజనానికి దీన్ని నేరుగా అన్వయించరాదు. 8 శాతం ఉప్పు మేతను ఏ ఊరగాయ ప్రియుడూ తినలేడు. ఈ ఎలుకలు చెప్పేది, ఒకే ఉప్పు ఇద్దరి శరీరాల్లో రెండు రకాలుగా పనిచేయడానికి పుట్టుకతో వచ్చిన కారణాలు ఉండవచ్చని. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనకు ప్రధాన ఆధారాలు మనుషుల మీద జరిగిన అధ్యయనాలే.

మామూలు ఎలుకకు బీపీ తెప్పించే పద్ధతులు ఏవి?

నాలుగు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. మొదటిది అన్నిటికంటే పాతది. 1934లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండ ధమనిని బిగించి బీపీ తెప్పించారు. ఎలుకలో అదే పనిని ఒక కిడ్నీ ధమనికి సుమారు 0.2 మిల్లీమీటర్ల సందు ఉన్న వెండి క్లిప్పు తొడిగి చేస్తారు. రక్తం తగ్గిన కిడ్నీ, ఒళ్లంతా పోటు పడిపోయిందని భ్రమపడి రెనిన్‌ను విడుదల చేస్తుంది, దానితో రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్ పెరిగి కొద్ది వారాల్లో బీపీ నిలబడుతుంది. ఇదంతా ఆ సందు మీదే ఆధారపడి ఉంది. సందు వదులైతే ఏమీ జరగదు, మరీ ఇరుకైతే కిడ్నీ చచ్చిపోతుంది. ఒకే విద్యార్థి, ఒకే రోజు చేసిన శస్త్రచికిత్సల్లో కూడా ఫలితం ఎలుకకూ ఎలుకకూ మారడానికి కారణం ఇదే.

రెండోది డోకా-ఉప్పు పద్ధతి: ఒక కిడ్నీ తీసి, డీఆక్సీకార్టికోస్టీరోన్ ఇంజెక్షన్లు ఇస్తూ, ఒక శాతం ఉప్పు నీళ్లు తాగిస్తారు. ఇందులో రక్తంలోని రెనిన్ అణగిపోతుంది. మూడోది ఎల్-నేమ్ అనే రసాయనాన్ని తాగే నీటిలో కలపడం. అది నైట్రిక్ ఆక్సైడ్ తయారీని ఆపేస్తుంది, రక్తనాళాలు సడలలేవు. నాలుగోది చర్మం కింద అమర్చిన చిన్న పంపు ద్వారా యాంజియోటెన్సిన్-2ను వారాల తరబడి ఎక్కించడం.

ఎలుక బీపీ ఎలా చూస్తారు?

తోక దగ్గర. ఎలుకను అది ఇమిడేంత గొట్టంలోకి పంపితే ముక్కు ముందు వైపు, తోక వెనుక వైపు బయటికి వస్తాయి. తోకకు వెచ్చదనం అందిస్తే అందులోని ధమని విప్పారుతుంది. తోక మొదట్లో చిన్న పట్టీ, దాని తర్వాత నాడిని పసిగట్టే సెన్సర్ ఉంటాయి. పట్టీలో గాలి నింపితే నాడి ఆగుతుంది. మెల్లగా వదిలితే ఏ పీడనం దగ్గర నాడి తిరిగి కనిపిస్తుందో అదే పై అంకె. డాక్టరు మన చేతికి చేసే పనే ఇది.

అయితే గొట్టంలో ఇరుక్కున్న ఎలుక బెదురుతుంది, బెదిరితే బీపీ పెరుగుతుంది. అందుకే అసలు కొలతలకు ముందు కొన్ని రోజులు దాన్ని గొట్టానికి అలవాటు చేస్తారు, మొదటి కొలతలను పక్కన పెట్టి తర్వాతి వాటి సగటు తీసుకుంటారు, రోజూ అదే వేళకు, అదే వ్యక్తి కొలిచేలా చూస్తారు. ఎలుకలకు మనిషి చెవికి అందని అతిధ్వనులు కూడా వినిపిస్తాయి. పక్క గదిలోని యంత్రం మనకు నిశ్శబ్దంగా ఉండి వాటికి గోలగా ఉండవచ్చు. హైదరాబాద్‌లో పనిచేసేవారు వినాయక నిమజ్జనం, దీపావళి రోజుల్లో కొలతలు పెట్టుకోకపోవడం మంచిది. మే నెల ఎండల్లో ఏసీ కాసేపు ఆగినా గది ఉష్ణోగ్రత, దానితో పాటు తోకలోని రక్తప్రసరణ మారిపోతాయి. ఆ రోజు అంకెలను లెక్కలోకి తీసుకోకూడదు.

దీనికంటే నమ్మదగినది రేడియో టెలిమెట్రీ. శస్త్రచికిత్స చేసి కడుపులో చిన్న ట్రాన్స్‌మిటర్, మహాధమనిలో దాని గొట్టం అమరిస్తే, ఎలుక తన కేజ్‌లో స్వేచ్ఛగా తిరుగుతుండగానే రాత్రీ పగలూ పోటు నమోదవుతుంది. ఎలుక రాత్రి మేలుకునే జంతువు. దాని బీపీ రాత్రే ఎక్కువ. పగటి పూట తోక పట్టీతో కొలిచేవారికి ఈ రాత్రి భాగం అసలు కనిపించదు. ఖర్చు మాత్రం చాలా ఎక్కువ.

నా ప్రాజెక్టుకు ఏ ఎలుక సరిపోతుంది?

తాళం చూడకుండా తాళంచెవి ఎంచుకోలేము. మీ మందు రెనిన్-యాంజియోటెన్సిన్ దారిలో పనిచేస్తుందని భావిస్తే క్లిప్పు పెట్టిన ఎలుకో, యాంజియోటెన్సిన్ పంపు ఉన్న ఎలుకో సరిపోతుంది. అదే మందును రెనిన్ అణగిపోయిన డోకా-ఉప్పు ఎలుకలో పరీక్షించి ‘పనిచేయలేదు’ అని రాస్తే ఆ తప్పు మందుది కాదు. దీర్ఘకాలిక గుండె మార్పులు కావాలంటే ఎస్‌హెచ్‌ఆర్, ఉప్పు వల్ల కిడ్నీకి కలిగే నష్టం కావాలంటే డాల్ ఎలుక. దగ్గరలో దొరికిందనో, సీనియర్లు అదే వాడారనో ఎంచుకోవడం తరచుగా జరుగుతుంది. నెల రోజుల పని మిగులుతుంది కానీ ప్రశ్న తప్పుతుంది.

మూలికల రసాలు ఎలుకల్లో బీపీ తగ్గించాయని ఎన్నో పత్రాలు ఉన్నాయి. నమ్మవచ్చా?

ముందుగా ఒక విషయం చూడండి: మూలికను బీపీ రాకముందు ఇచ్చారా, వచ్చాక ఇచ్చారా? ఎల్-నేమ్‌తో పాటే మొదటి రోజు నుంచి మూలిక రసం ఇచ్చి, నాలుగు వారాల తర్వాత బీపీ తక్కువగా ఉందంటే అది నివారణ ప్రయోగం. దాన్ని చికిత్సగా రాయడం తప్పు, ఎందుకంటే రోగి మన దగ్గరికి వచ్చేది బీపీ వచ్చాకే. రెండోది, రసం తాగిన ఎలుక ఎల్-నేమ్ కలిపిన నీళ్లు తక్కువ తాగిందేమో చూశారా? రుచి మారినా, ఒంట్లో నలతగా ఉన్నా ఎలుక నీళ్లు తగ్గిస్తుంది. తాగిన నీరు కొలవని పత్రంలో ఈ అనుమానం తీరదు. మూడోది, ఇప్పటికే వాడుకలో ఉన్న ఒక మందుతో పోల్చారా?

మూలికలన్నిటినీ కొట్టిపారేయడం కూడా సరికాదు. సర్పగంధి వేరు బీపీని తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో రోగుల అనుభవంతో ప్రపంచానికి చూపారు. దాని నుంచి వచ్చిన రిసర్పిన్ చాలాకాలం ప్రధానమైన బీపీ మందుగా నిలిచింది. ఎస్‌హెచ్‌ఆర్ పుట్టడానికి ముందే జరిగిన కథ ఇది.

నేను వేసుకునే మాత్ర ఈ ఎలుకల మీద పరీక్షించినదేనా?

చాలావరకు అవును. బ్రెజిల్ జరారాకా పాము విషంలోని పదార్థాల ఆధారంగా స్క్విబ్ కంపెనీలో కుష్మన్, ఒండెట్టి రూపొందించిన క్యాప్టోప్రిల్ క్లిప్పు పెట్టిన ఎలుకల్లోనూ, ఎస్‌హెచ్‌ఆర్‌లోనూ బీపీ తగ్గించాకే మనుషుల దాకా వచ్చి, 1981లో అమెరికాలో అనుమతి పొందింది. లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి మందులు కూడా ఈ దారినే వచ్చాయి.

ఎలుకలో పనిచేసి మనిషిలో విఫలమైనవి ఉన్నాయా?

ఉన్నాయి. ఒమాపాట్రిలాట్ అనే మందు రకరకాల బీపీ ఎలుకల్లో ఆశ్చర్యకరంగా పనిచేసింది. ఉప్పు రకంలోనూ, రెనిన్ రకంలోనూ. మనుషుల్లో కూడా బీపీని బాగానే తగ్గించింది. కానీ 25 వేలకు పైగా రోగులతో జరిగిన పరీక్షలో ముఖం, గొంతు వాచే ఆంజియోఎడీమా 2 శాతానికి పైగా రోగుల్లో కనిపించింది. పోలిక కోసం ఇచ్చిన ఎనలాప్రిల్‌తో అది ఒక శాతం కూడా లేదు. మందు మార్కెట్‌కు రాలేదు. బీపీ తగ్గిందా లేదా అని మాత్రమే అడిగిన ఎలుక ప్రయోగం ఈ ప్రమాదాన్ని ముందుగా చెప్పలేదు.

ఇంకొకటి సూక్ష్మమైనది. ఎస్‌హెచ్‌ఆర్‌కు చిన్న వయసులో, బీపీ పెరిగే వారాల్లోనే ఏసీఈ నిరోధకం (క్యాప్టోప్రిల్ తరహా మందు) ఇచ్చి ఆపేస్తే, తర్వాత కూడా బీపీ చాలాకాలం తక్కువగానే ఉంటుందని 1990లో చూపారు. మనిషిలోనూ ముందే అడ్డుకోవచ్చా అన్న ఆశతో, బీపీ అంచున ఉన్న, సగటున యాభై ఏళ్లకు దగ్గరైనవారికి రెండేళ్లు క్యాండెసార్టాన్ అనే బీపీ మందు ఇచ్చి ఆపి చూశారు. 2006లో ఫలితం వచ్చింది: మందు ఆపాక తేడా చాలావరకు కరిగిపోయింది, కొంత మాత్రమే మిగిలింది. ఎలుక అయిదారు వారాల వయసులో ఉన్న దశకు మనిషిలో సరిసమానమైన వయసు యాభై ఏళ్లకు దగ్గర కాదు కదా.

ఎలుక మోతాదును మనిషి మోతాదుగా ఎలా మారుస్తారు?

కిలోకు ఇంత అని నేరుగా గుణించకూడదు. శరీర ఉపరితలం ఆధారంగా, ఎలుక మోతాదును సుమారు 6.2తో భాగిస్తారు. ఎలుకకు కిలోకు 10 మిల్లీగ్రాములంటే, 60 కిలోల మనిషికి 600 కాదు, సుమారు 97 మిల్లీగ్రాములు. ఇది అంచనా మాత్రమే. మనిషికి ఇచ్చే మొదటి మోతాదును భద్రత కోసం ఇంకా తగ్గిస్తారు.

అనుమతులు ఎవరు ఇస్తారు?

1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 1998 నాటి జంతు ప్రయోగాల నియమాల కింద, కేంద్ర ప్రభుత్వ కమిటీ అయిన సీసీఎస్ఈఏ వద్ద సంస్థ నమోదై ఉండాలి. పాతవారు దీన్ని ఇప్పటికీ సీపీసీఎస్ఈఏ అనే అంటారు. ఎలుకల ప్రయోగాలకు సంస్థలోని జంతు నైతిక సంఘం ఫారం-బి అనే దరఖాస్తు చూసి అనుమతి ఇస్తుంది. అందులో పశువైద్యుడు, బయటి శాస్త్రవేత్త, సీసీఎస్ఈఏ పంపిన సభ్యులు ఉంటారు. ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్నే, నొప్పి ఎలా తగ్గిస్తారు, చివరికి ఏం చేస్తారు అన్నవి ఆ ఫారంలో రాయాలి. ‘గుంపుకు ఆరు, ఎందుకంటే ఇంతకు ముందు పత్రాల్లో ఆరే ఉన్నాయి’ అని రాస్తే సంఘం వెనక్కి పంపడం న్యాయమే.

ఈ ఎలుకలు బాధపడతాయా?

ఎస్‌హెచ్‌ఆర్ బీపీతో ఉన్నా బయటికి మామూలుగానే తింటుంది, తిరుగుతుంది. మనలో చాలామందికి బీపీ ఉన్నట్టు తెలియనట్టే. శస్త్రచికిత్స పద్ధతుల్లో నొప్పి తప్పకుండా ఉంటుంది, దానికి మత్తు, తర్వాత నొప్పి మందు ఇవ్వాలి. అత్యంత కష్టమైనది పక్షవాతపు ఉపవంశం: కాళ్లు పడిపోవడం, బరువు తగ్గడం కనిపిస్తే ప్రయోగం ముగిసేదాకా ఆగకుండా దాన్ని నొప్పి లేకుండా ముగించే గీతను ముందే నిర్ణయించుకోవాలి. ఆ గీతను ఎలుక పడిపోయాక గీసుకునేవారు ఈ వంశం జోలికి పోకపోవడమే మేలు.

హైదరాబాద్‌లో ఎలుకలు ఎక్కడి నుంచి వస్తాయి?

సీసీఎస్ఈఏ వద్ద నమోదైన పెంపక కేంద్రాల నుంచే కొనాలి. 1918లో కూనూర్‌లో మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌ఐఎన్, ప్రయోగశాల జంతువుల పెంపకంలో చిరకాలంగా పేరున్నది. అక్కడి విస్టార్ మందలోంచే సహజంగా పుట్టిన స్థూలకాయ ఎలుకల వంశాలు ఊబకాయం పరిశోధనలో ప్రసిద్ధం. అవి బీపీ కోసం పెంచినవి కావు, కాబట్టి ఎస్‌హెచ్‌ఆర్‌కు బదులుగా వాడకూడదు. జీనోమ్ వ్యాలీలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఏర్పాటు చేసిన జాతీయ జంతు వనరుల కేంద్రం కూడా మన ఊళ్లోనే ఉంది.

కంప్యూటర్లతో, చిప్పులతో ఈ పని జరగదా?

కొంత జరుగుతోంది. 2023లో కొత్త మందుల నియమాలను సవరించి మన దేశం జంతువులు లేని పద్ధతులకు దారి తెరిచింది. కణాలతో చేసిన రక్తనాళం చిప్పు మీద విషప్రభావం, కణంలో మందు పట్టు వంటివి చూడవచ్చు. కానీ కిడ్నీ, మెదడు, గుండె ఒకదానికొకటి బదులిచ్చుకుంటూ రోజుల తరబడి పోటును సర్దే తీరును చిప్పు ఇంకా చూపలేదు. వాటితో ముందుగా జల్లెడ పట్టి, మిగిలిన కొద్ది మందులనే ఎలుక దాకా తీసుకురావడం ఇప్పటికి సమంజసం.

‘ఎలుకల్లో బీపీ తగ్గింది’ అన్న వార్త చదివి నా మాత్ర ఆపవచ్చా?

ఆపకూడదు. హఠాత్తుగా ఆపితే బీపీ ఎగిసే మందులు కొన్ని ఉన్నాయి. మార్పు ఏదైనా మీ డాక్టరు చెప్పాలి.

యానిమల్ హౌస్‌ను చూడటానికి రావచ్చా?

సాధారణంగా వీలుకాదు. బయటివారి బూట్ల మీద, బట్టల మీద వచ్చే సూక్ష్మజీవులు మంద మొత్తానికి అంటుకోవచ్చు, కొత్త మనుషుల వాసనకు బీపీ అంకెలు మారిపోతాయి. విద్యార్థులు తమ కాలేజీ నైతిక సంఘం ద్వారా రాతపూర్వకంగా అడిగితే కొన్ని సంస్థలు శిక్షణ రోజుల్లో అవకాశం ఇస్తాయి.